చలికాలం తిండి – చేను నేర్పిన పాఠం



కార్తీకం వెళ్ళింది, మార్గశిరం వచ్చింది. పొద్దు కురచయింది, రాత్రి పొడుగయింది. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని మన పెద్దలు ఊరికే అనలేదు. తెల్లవారి లేచేసరికి చేల మీద మంచు, గడ్డివాముల మీద మంచు. పశువుల కొట్టంలోకి వెళితే వాటి ముక్కుల్లోంచి పొగ వస్తున్నట్టుంటుంది. ఈ రోజుల్లో పల్లెవీధిలో నడిచిపోతుంటే ఏదో వొక ఇంట్లోంచి నువ్వులు వేగుతున్న వాసన వస్తుంది. ఎండాకాలంలో ఆ వాసన రాదు. వానాకాలంలోనూ అంతగా రాదు. ఈ చలిలోనే ఎందుకు వస్తుంది? ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ సంగతే ఈ పూట చెప్పుకుందాం. చలికాలంలో మనవాళ్ళు ఏమి తినేవారు, ఎందుకు తినేవారు, ఆ తిండి ఎక్కడ మారింది, మారినందువల్ల మనకు వొరిగిందేమిటి, పోయిందేమిటి – ఇదీ విషయం. వంటల ముచ్చట గదా, ఆడవాళ్ళు వింటారులే అని మగవాళ్ళు తువ్వాలు దులుపుకుని లేచి పోవద్దు. ఈ కథ వంటింట్లో మొదలైనా, చివరకు మీ చేను గట్టు మీదికే వచ్చి నిలబడుతుంది.

ముందుగా వేడి అంటే ఏమిటో చూద్దాం. మన వొళ్ళు వొక పొయ్యి వంటిది. తిన్నదాన్ని లోపల నెమ్మదిగా కాల్చి, ఆ వేడితోనే రాత్రింబవళ్ళు వొంటిని వొక్క తీరుగా వుంచుకుంటుంది. వొక గ్రాము పిండిపదార్థం 4 కేలరీల శక్తినిస్తే, వొక గ్రాము నూనె గాని నెయ్యి గాని 9 కేలరీలిస్తుంది. అంటే చమురు వున్న తిండి గట్టి కట్టె వంటిదన్నమాట. మరి మిరియం, అల్లం, ఆవాలు? అవి నోటికీ ముక్కుకూ వేడి తగిలినట్టు తోపిస్తాయి, ఆకలి పుట్టిస్తాయి, తిన్నది రుచిగా లోపలికి పోయేట్టు చేస్తాయి. అంతే గాని పొయ్యిలో మండే కట్టెలు గింజలూ, పప్పూ, నూనే. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

ఈ సంగతి మన పాత వైద్యులు తమ భాషలో చెప్పుకున్నారు. చరక సంహిత సుమారు 2 వేల ఏళ్ళ నాటి గ్రంథం. అందులో సూత్రస్థానం ఆరో అధ్యాయంలో ఏ ఋతువులో ఎట్లా నడుచుకోవాలో వుంది. హేమంతంలో బయటి చలి వొంటిలోని వేడిని లోపలే మూసిపెడుతుందట. అందుచేత జఠరాగ్ని బలంగా మండుతుందట. దానికి తగిన తిండి వెయ్యకపోతే ఆ అగ్ని వొంటిలోని సారాన్నే తినేస్తుందట. కాబట్టి చమురు గల తిండి తినమన్నాడు. పాలు, చెరుకుతో చేసిన పదార్థాలు, నూనె, కొత్త బియ్యపు అన్నం, వేడినీళ్ళు వాడుకోమన్నాడు. జఠరాగ్ని అనే మాట నేటి శాస్త్రంలో లేకపోవచ్చు. కాని చలిలో వొళ్ళు వంచి పనిచేసేవాడికి ఆకలి దంచుతుందనీ, వాడికి చమురుండే తిండి కావాలనీ వాళ్ళు చూసి తెలుసుకున్నారు.

“అయ్యా, మా తాత చరకుడి పుస్తకం చదివి తిన్నాడా?” అని మీరు అడగవచ్చు. లేదు. మీ తాత చేను ఇచ్చింది గనుక తిన్నాడు. ఒక్కసారి లెక్క చూసుకోండి. తొలకరి నువ్వులు అప్పటికే ఇంటికి చేరి వుంటాయి. సజ్జ కోత అయిపోయి వుంటుంది. వరి నూర్పిళ్ళు సాగుతుంటాయి. చెరుకు గానుగ ఆడి కొత్త బెల్లం వస్తుంది. పెరట్లో చిక్కుడు పాదు విరగకాస్తుంది. కంది, అనప పచ్చికాయ దిగుతుంది. గుమ్మడికాయ ముదురుతుంది. ఉసిరి కొమ్మ వంగుతుంది. గేదెలు ఎక్కువగా వానలు వెనకపట్టే రోజుల్లో ఈనుతాయి గనుక పాడి కూడా ఈ నెలల్లోనే బాగుంటుంది. చరకుడు చెప్పిన పాలు, బెల్లం, నూనె, కొత్త బియ్యం – అన్నీ ఈ నాలుగు నెలల్లోనే ఇంటికి వస్తున్నాయి చూశారా! వైద్యుడి మాటకూ రైతు గాదెకూ పొత్తు అట్లా కుదిరింది.

ఇప్పుడు ఒక్కొక్క గింజ కథా చెప్పుకుందాం. మొదట నువ్వులు. నూనె అనే మాటే నువ్వుల నుంచి పుట్టింది. నువ్వుల నెయ్యి కలిసి నూనె అయింది. సంస్కృతంలోనూ అంతే, తిలల నుంచి వచ్చింది గనుక తైలం. అంటే ఈ దేశంలో నూనె అంటే నువ్వుల నూనే అన్న కాలం వొకటుండేది. సింధులోయలో హరప్పా తవ్వకాల్లోనే నువ్వులు దొరికాయి. నువ్వు గింజ బరువులో సుమారు సగం నూనె. పైగా పొట్టు తియ్యని నువ్వుల్లో ఎముకకు కావలసిన సున్నం మెండుగా వుంది. మన పండుగల వరస చూడండి. కార్తీక శుద్ధ చవితి నాడు, అంటే నాగుల చవితికి, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేస్తాం. చలి అడుగుపెట్టేదీ అప్పుడే. భోగికి రాయలసీమలో సజ్జ రొట్టె మీద నువ్వులద్ది కాలుస్తారు. సంక్రాంతికి కోస్తాలో కొత్త బియ్యపు పిండీ కొత్త బెల్లమూ కలిపి అరిసెలు వండి నువ్వులద్దుతారు. తెలంగాణంలో బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి సకినాలు చుడతారు. చలి మొదలైనప్పటి నుంచి చలి ముదిరేదాకా నువ్వు మన చేతిలోంచి జారకుండా పెద్దలు పండుగల ముడి వేశారన్నమాట.

తరువాత ఉలవలు. ఇవి ఇక్కడి నేలకు ఎంత పాతవో చెబితే ఆశ్చర్యపోతారు. రాయలసీమ పక్కనే బళ్ళారి దగ్గర సంగనకల్లు అనే వూరుంది. అక్కడా, దక్కనులోని మరికొన్ని పాత జనావాసాల్లోనూ కొత్తరాతియుగపు మట్టిని కడిగి, కాలి బొగ్గయిన గింజలను ఏరి చూశారు. అందులో ఉలవలు, పెసలు, కొర్రల జాతికి చెందిన చిరుధాన్యాలు దొరికాయి. నాలుగు వేల ఏళ్ళ నాటి పొయ్యి దగ్గర రాలిన ఉలవ అది. ఇనుము తెలియని రోజుల్లో, రాతి గొడ్డలి పట్టుకుని పశువులు కాచుకున్న మనిషి ఇంట్లో కూడా ఉలవలు వుడికాయి సుమా! తరువాతి కాలంలో ఎద్దులకు ఉలవలు వుడకపెట్టి, ఆ వార్చిన నీళ్ళు పారబొయ్యకుండా చింతపండు వేసి, రాత్రంతా సన్నని సెగ మీద కాచి చారు చేసుకున్నారు. పశువూ మనిషీ వొక్క కుండలోంచే చలి కాచుకున్నారు. ఈనాడు ఆ ఉలవచారే పెద్ద పెద్ద హోటళ్ళలో గిన్నెడు చొప్పున ధర కట్టి అమ్ముతున్నారు.

ఇక జొన్న, సజ్జ. ఇవి మాత్రం ఇక్కడ పుట్టినవి కావు. ఆఫ్రికా ఖండంలో పుట్టి, సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందటి నుంచి మెల్లమెల్లగా ఈ దేశానికి వచ్చాయి. వచ్చి, ఇక్కడి నల్లరేగడినీ ఎర్రనేలనూ తమ పుట్టిల్లు చేసుకున్నాయి. వానలు వెనకపట్టాక రేగడిలో మిగిలిన తేమ మీద, మంచు పదును మీద శీతకాలపు జొన్న పండుతుంది. ఆ పాలకంకిని చేను గట్టునే కాల్చి, అరచేత నలిపి వూదుకుని తింటే ఆ రుచి ఎరిగినవాడికే తెలుసు. కాబట్టి పరాయి గింజ, మన గింజ అని పట్టుబట్టవద్దు. మన నేలకు, మన కాలానికి ఏది వొదిగిందో అది మనదే.

ఇక రాజుల కాలానికి వద్దాం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా విజయనగరం ఏలాడు. ఆయన రాసిన ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు పెట్టే భోజనం వర్ణించాడు. వానాకాలంలో వొకటి, ఎండాకాలంలో వొకటి, చలికాలంలో వొకటి – మూడు కాలాలకు మూడు విందులు. చలికాలపు విందులో ఏమేమి వున్నాయి? పునుగు వాసన గుబాళించే కొత్త బియ్యపు అన్నం. మిరియాల పొడి చల్లి, సెగ ఆరకుండా చుయ్యిమంటున్న కూరలు. ముక్కు అదిరేట్టు ఆవపిండి పట్టించిన పచ్చళ్ళు. పాయసం. వూరగాయలు. చెయ్యి చురుక్కుమనేటంత వేడి నెయ్యి. వెల్లువగా పాలు. చరకుడి జాబితా పక్కన పెట్టి చూడండి: కొత్త బియ్యం అక్కడా వుంది, ఇక్కడా వుంది. చమురు, పాలు, తీపి అక్కడా వున్నాయి, ఇక్కడా వున్నాయి. వైద్యుడి మాట వెయ్యేళ్ళు దాటినా వంటింట్లో చెల్లుబాటైందన్నమాట.

ఇందులో మరో విశేషం వుంది. ఆ విందులో కారమంటే మిరియం, ఆవాలే. మిరపకాయ లేదు. మిరపది అమెరికా ఖండం. వాస్కోడిగామా 1498లో కళ్ళికోటకు వచ్చిన తరువాత పోర్చుగీసు ఓడల మీద అది మన తీరానికి చేరింది. అట్లాగే వేరుశనగ, మొక్కజొన్న, చిలగడదుంప, ఈనాడు మనం పులుసు పెట్టుకునే తీపి గుమ్మడి కూడా ఆ ఖండానివే. ఇప్పుడు చలికాలంలో చిలగడదుంప నిప్పుల్లో కాల్చుకోని పల్లె లేదు. కొత్తది వచ్చినా మనవాళ్ళు దాన్ని కాలంలో వొదిగించుకున్నారు. అంటే తిండి ఎన్నడూ నిలిచిపోయిన నీరు కాదు. కొత్త గింజ రావడం నష్టం కాదు. వచ్చిన వొక్క గింజే తక్కినవాటినన్నిటినీ తోసెయ్యడం నష్టం. ఆ మాటకు మళ్ళీ వస్తాను.

అయితే, విష్ణుచిత్తుడి విస్తరి చూసి మన పూర్వులందరూ నేతిలో మునిగి తేలారనుకుంటే పొరబాటు. అది కలవారి ఇల్లు, వరి పండే నేల. మెట్ట ప్రాంతం సంగతి వేరు. పల్నాటికి వెళితే మన్మథుడంతటి వాడికైనా జొన్నకూడే గతి అని విసుక్కునే చాటువు శ్రీనాథుడి పేర మన దేశంలో వాడుకలో వుంది. సన్నబియ్యం మరిగిన కవిగారికి జొన్నకూడు గొంతు దిగలేదు కాబోలు! కాని ఆ జొన్నకూడు మీదనే ఆ నేల రైతు నాగలి పట్టాడు. పక్కన ఉలవచారో, అనపగింజల పులుసో, చిక్కుడుకాయ కూరో వుంటే, పైన నువ్వుల పొడి, కాస్త మజ్జిగ వుంటే, ఆ కంచం కవి విస్తరికి తీసిపోదు. ఆ ‘వుంటే’ అన్న మాటలోనే వుంది కథంతా.

వండే తీరు కూడా కాలాన్ని బట్టే వుండేది. ఎండాకాలంలో చద్దన్నం, మజ్జిగ. చలికాలంలో వేడివేడి పులగం – కొత్త బియ్యం, పెసరపప్పు, మిరియం, జీలకర్ర, అల్లం కలిపి వుడికించి నెయ్యి వెయ్యడం. ధనుర్మాసమంతా గుళ్ళో ప్రసాదంగా తెల్లవారుజామున చేతిలో పడేదీ అదే. చలికి లేచి స్నానం చేసి వచ్చిన పిల్లవాడికి అన్నమూ పప్పూ చమురూ వొక్క ముద్దలో అందేవి. పిడకల దాలిలో పాలకుండ పెడితే పొద్దస్తమానం సన్నగా కాగి మీగడ చిక్కగా కట్టేది. కోస్తాలో తాటి టెంకలు భాద్రపదంలో ఇసుకలో పాతి, పుష్యానికి తవ్వి, కుండలో పెట్టి కాల్చిన తేగలు పిల్లలకు చిరుతిండి. ఉత్తరాంధ్రలో తెల్లవారగానే వేడి చోడి అంబలి. ఎండిన సరుగుడో, కందికట్టెలో పొయ్యిలో మండుతుంటే ఇల్లంతా వెచ్చనే. వంటకు పెట్టిన మంటే చలిమంట. వొక్క హెచ్చరిక మాత్రం: ఆ ముచ్చట తలచుకుని నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు బిగించి పడుకోవద్దు. వాసన లేని విషవాయువు పుట్టి నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. వెనక మెట్టచేలో వొక్క పంట ఎవరు వేశారు? జొన్నలో కంది సాలు పెట్టేవారు. నడుమ అనుములు, బొబ్బర్లు చల్లేవారు. గట్టు వెంబడి నువ్వులో, కుసుమలో, గోగులో వేసేవారు. వాన ఎగ్గొడితే ఏదో వొకటి నిలుస్తుందని వాళ్ళ లెక్క. కాని ఆ లెక్కలో తెలియకుండానే మరొకటి కలిసివచ్చింది. చేలో గింజ, పప్పు, నూనెగింజ, ఆకు కలిసి వుంటే కంచంలోనూ అవే కలిసి వచ్చేవి. గింజలో తక్కువైనది పప్పు తీర్చేది. పప్పులో తక్కువైనది నువ్వు తీర్చేది. ఆకుకూర, ఉసిరికాయ తక్కినవి తీర్చేవి. చలికాలపు బలం ఏ వొక్క గింజలోనూ లేదు. ఆ కలయికలో వుంది.

ఇది నేను పొగడ్తకు చెప్పే మాట కాదు. కలయిక తప్పినచోట ఏమి జరిగిందో మన దేశపు చరిత్రలోనే రెండు సాక్ష్యాలున్నాయి. రెండూ చేదు సాక్ష్యాలే.

మొదటిది వరి సీమది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టా అన్నపూర్ణ అయింది. కరువు తగ్గింది, ఆ మేలు మరువరానిది. తరువాత బియ్యపు మరలు వచ్చాయి. రోట్లో దంచిన బియ్యానికి కాస్త తవుడు అంటిపెట్టుకుని వుండేది. మరలో పడ్డ బియ్యం మల్లెపువ్వులా తెల్లబడింది, తవుడు పోయింది. ఆ తెల్లబియ్యమే సర్వస్వమై, పక్కన పప్పూ కూరా కరువైన బీద ఇళ్ళలో బెరిబెరి జబ్బు పుట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుపడడం, వొళ్ళు నీరుపట్టడం, గుండె బలహీనపడడం ఆ జబ్బు లక్షణాలు. తల్లి పాలలో సారం లేక చంటిపిల్లలు కూడా పోయేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఈ జబ్బుకు పేరుపడ్డాయి. తమిళదేశంలో ధాన్యం వుడకబెట్టి దంచిన ఉప్పుడుబియ్యం తిన్నవాళ్ళకు ఆ బాధ అంతగా లేకపోయింది. గింజ వుడికేటప్పుడు పైపొర సారం లోపలికి ఇంకడమే దానికి కారణం. కూనూరులో 1918లో ఈ బెరిబెరి పరిశీలన కోసమే మొదలైన చిన్న ప్రయోగశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

రెండో సాక్ష్యం జొన్న సీమది. ఆ ప్రయోగశాల హైదరాబాదుకు రాగానే వైద్యులకు ఇక్కడి బీదవాళ్ళలో మరో జబ్బు కనపడింది. ఎండ తగిలే చేతులు, మెడ, కాళ్ళ మీద చర్మం నల్లబడి పగిలిపోవడం, నోరు పూయడం, విరోచనాలు, చివరకు మతి చలించడం. దాని పేరు పెల్లాగ్రా. ప్రపంచంలో తక్కినచోట్ల అది మొక్కజొన్నే తిని బతికేవారికి వచ్చే జబ్బు. ఇక్కడ జొన్నే తిని బతికేవారికి వచ్చింది. డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో దీనికొక కారణం చెప్పారు: జొన్నలోని మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే పదార్థం పాలు ఎక్కువ, అది నియాసిన్ అనే విటమిను పనికి అడ్డం వస్తున్నదని. ఆ వాదం మీద తరువాత చర్చలు జరిగాయి. కాని ఇంటి మట్టుకు తేలిన సంగతి స్పష్టమే. జొన్నతోపాటు పప్పు, పాలు, వేరుశనగ, ఆకుకూర వున్న ఇంటికి ఆ జబ్బు రాలేదు. వొట్టి జొన్న, వొట్టి కారం మీద వెళ్ళదీసిన ఇంటికి వచ్చింది.

చూశారా? ఇక్కడ వరీ నేరస్తురాలు కాదు, జొన్నా నేరస్తురాలు కాదు. వొక్కదాని మీదే వేలాడడం నేరం. అదీ కోరి చేసింది కాదు, పేదరికం చేయించింది. అందుకే “పాతకాలపు తిండి అమృతం, తాతలు ఉక్కు మనుషులు” అని ఎవరైనా తేలికగా అంటే నేను వొప్పుకోను. తిండి కలయికగా దొరికిన తాత గట్టిగానే వున్నాడు. దొరకని తాత చేతులు పగిలి ఆసుపత్రి మెట్లెక్కాడు.

ఆ తరువాత కథ మీకు తెలిసిందే. 1967లో నాగార్జునసాగరు కాలువల్లో నీళ్ళు పారాయి. పొట్టి రకం వరి వంగడాలు వచ్చాయి, బోర్లు వచ్చాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. పస్తులుండే ఇంట్లో పొయ్యి వెలిగింది. అది చిన్న మేలు కాదు. మొదటిసారి మెట్ట కూలీ పిల్లవాడు రోజూ తెల్లన్నం తిన్నాడు. కాని దానితోపాటే జొన్న, సజ్జ, కొర్ర చేలు తరిగాయి. నల్లరేగళ్ళలో జొన్న పోయి పత్తి వచ్చింది. జొన్నతోపాటు దాని నడుమనున్న కంది సాలు, అనుముల సాలు, గట్టు మీది నువ్వులూ పోయాయి. పత్తి అమ్మిన డబ్బుతో కందిపప్పు కొట్లో కొనుక్కోవలసి వచ్చింది. ధర పెరిగిన నెల ఆ పప్పు పలచబడింది. ఇప్పుడు ఆషాఢంలో తిన్నదే పుష్యంలోనూ తింటున్నాం. కంచం చూసి ఏ కాలమో చెప్పలేని రోజులు వచ్చాయి.

దీని ఫలితం? 2019–21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా స్త్రీలలో రక్తహీనత వుందని తేలింది. పిల్లల్లోనూ అంతే. పెల్లాగ్రా, బెరిబెరి దాదాపు కనపడకుండా పోయాయి, సంతోషమే. కాని కూలికి వెళ్ళే తల్లి మెట్టెక్కితే ఆయాసపడుతున్నది. గిన్నె నిండా అన్నం వుంది, ఒంట్లో రక్తం లేదు. జబ్బు పేరు మారింది గాని పాఠం మారలేదు.

మరి ఏమి చెయ్యాలి? అన్నం మానెయ్యమని నేను చెప్పను. కలయికను తిరిగి కంచంలోకి తెచ్చుకోమంటాను. అందుకు ఈ చలికాలం మంచి అదను. వారంలో రెండు మూడు పూటలు జొన్న రొట్టో, సజ్జ సంగటో, చోడి అంబలో చేసుకోండి. అన్నంలో మొదటి ముద్దకు నువ్వుల పొడి వేసుకోండి. పిల్లవాడి చేతిలో కొట్లో కొన్న పొట్లానికి బదులు చిన్న నువ్వుల వుండ పెట్టండి. ఉసిరికాయ పచ్చడి గాని, నిమ్మరసం గాని అన్నంలో వుండనివ్వండి; గింజల్లోని, ఆకుకూరల్లోని ఇనుము వొంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము సగం వృథా. కనీసం గంట ఆగండి. చక్కెర జబ్బు వున్న పెద్దలు బెల్లం మంచిదే గదా అని ముద్దలకు ముద్దలు తినవద్దు, బెల్లమూ తీపే. వేరుశనక్కాయ బాగా ఎండిన తరువాతే నిలవ చెయ్యండి. బూజు పట్టిన పప్పులో విషం చేరుతుంది; దాన్ని ఏరి పారెయ్యండి, పశువుకు కూడా పెట్టకండి.

ఇక మగవాళ్ళ పని. ఇంటి ఇల్లాలు పప్పు తక్కువైందంటే కొట్టువైపు చూడకండి, మీ చేనువైపు చూడండి. ఈ ఏడాది కందికీ సజ్జకూ అదను దాటిపోయింది, నిజమే. కాని విత్తనానికి అదను ఇదే. చేలో, పెరట్లో మంచి కంది చెట్టు, మంచి అనప పాదు చూసి గుర్తుకట్టి పెట్టుకోండి. ఆ కాయ బాగా ముదరనిచ్చి, ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో దాచండి. నీటి వసతి వున్నవాళ్ళు సంక్రాంతి వెళ్ళాక వేసవి నువ్వులు వేసుకోవచ్చు. తొలకరికి జొన్న వేస్తే రెండు సాళ్ళ జొన్నకు వొక సాలు కంది పెట్టండి. పత్తి మానలేమన్నవాళ్ళు పత్తిలోనే కొన్ని సాళ్ళకొకటి కంది వెయ్యండి. నాలుగు సాళ్ళ అనుములు, గట్టు మీద పిడికెడు నువ్వులు. వీటికి ఎకరాలు అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు, బుద్ధి పుట్టాలి.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆనాటి నుంచి పట్నం కొట్లలో కొర్రలకూ సామలకూ సన్నబియ్యాన్ని మించిన ధర పలుకుతున్నది. ధర వస్తే అమ్ముకోండి, కాదనను. కాని ముందు మీ ఇంటి కుండకు కొలిచి పక్కన పెట్టి, తరువాత బస్తాకు ఎత్తండి. పండించినవాడి బిడ్డ పాలిపోయి, కొనుక్కున్నవాడి బిడ్డ పుష్టిగా వుండడం న్యాయం కాదు గదా!

నాలుగు వేల ఏళ్ళ కిందటి పొయ్యి దగ్గర రాలిన ఉలవ మన దగ్గరకు ఎట్లా వచ్చింది? ప్రతి ఏడూ ఎవరో వొక తల్లి తిన్నది తిని, పిడికెడు విత్తనానికి దాచింది గనుక వచ్చింది. మధ్యలో వొక్క తరం దాచకపోతే తెగిపోయేది. ఆ పిడికెడు ఇప్పుడు మన చేతిలో వుంది. ఈ సంక్రాంతికి ఇల్లు అలికేటప్పుడు అటకమీద ఖాళీ కుండ వొకటి దించి కడిగి పెట్టండి. వచ్చే చలికాలానికి మీ వీధిలో నువ్వులు వేగే వాసన మీ ఇంట్లోంచే రావాలి, ఆ నువ్వులు మీ చేలోవే కావాలి.